బోర్డు ఎక్కడి నుంచి లేవాలి? కార్డు, ఈఎంఎంసీ, ఫ్లాష్ చిప్పు, నెట్‌వర్క్‌లలో ఏది ఎవరికి

మే నెల గాలివాన గుంటూరుకు కొత్త కాదు. సాయంత్రం నాలుగింటి దాకా నిప్పులు చెరిగి, ఐదింటికి దుమ్ము లేచి, ఆ వెంటనే కరెంటు పోతుంది. పోయేది కూడా ఒక్కసారిగా పోదు. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. అలాంటి ఒక సాయంత్రం నరసరావుపేట రోడ్డులోని మిర్చి కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోను వచ్చింది. "సార్, మీ పెట్టెలో పచ్చ లైటు వెలగడం లేదండి." ఛాంబర్లలో ఉష్ణోగ్రత చదివి యజమాని ఫోనుకు పంపడం ఆ పెట్టె పని. లోపల లినక్స్ నడిచే చిన్న బోర్డు ఉంది. అది మైక్రో ఎస్‌డీ కార్డు నుంచి బూట్ అవుతుంది, అంటే కరెంటు రాగానే లేవడానికి కావలసిన ప్రోగ్రాములను ఆ కార్డులోంచే తెచ్చుకుంటుంది. బండి మీద నలభై నిమిషాలు వెళ్ళి, కార్డు మార్చి, మరో నలభై నిమిషాలు తిరిగి వచ్చాను. ఆ నెలలో అది మూడోసారి.

అంతకుముందు బోర్డు కొనేటప్పుడు నేను చూసినవి ధర, వేగం, కార్డు ఎన్ని జీబీలు అన్న లెక్కలే. ఆ మూడో ప్రయాణం తర్వాత చూసే లెక్క మారింది. ఇప్పుడు మొదట అడిగే ప్రశ్న ఇది: ఈ పరికరం లేవని రోజున దాని పక్కన ఎవరు ఉంటారు, వారి చేతిలో ఏముంటుంది? ల్యాప్‌టాప్‌తో నేను ఉంటానా, స్క్రూడ్రైవర్‌తో ఆపరేటర్ ఉంటాడా, టార్చిలైటుతో వాచ్‌మన్ ఉంటాడా? దీనికి జవాబు చెప్పగలిగితే బూట్ సోర్స్, అంటే బోర్డు లేచే చోటు, ఎంపిక సగం తేలినట్లే. వేగం సంగతి అంటారా, పెట్టె ఎనిమిది సెకన్లలో లేచినా ఇరవై సెకన్లలో లేచినా లోపలి మిరపకాయలకు పట్టదు.

"బూట్ సోర్స్" ఒకటి కాదు

బోర్డుకు కరెంటు అందగానే మొదట నడిచేది ప్రధాన చిప్పులో తయారీ సమయంలోనే వేసి పెట్టిన చిన్న ప్రోగ్రాం. దాన్ని బూట్ రోమ్ అంటారు. దాన్ని మనం మార్చలేం. అది కొన్ని పిన్నుల మీది వోల్టేజీనో, చిప్పులోని ఫ్యూజులనో చూసి, ఏ వరుసలో వెతకాలో తెలుసుకుంటుంది. దొరికిన మొదటి దశ లోడర్‌ను (తర్వాతి ప్రోగ్రాంను తెచ్చి నడిపేదాన్ని) చిప్పులోనే ఉన్న కొద్దిపాటి మెమరీలోకి తెస్తుంది. ఆ చోటు ఎంత ఇరుకంటే, పాత ఆల్‌విన్నర్ చిప్పుల్లో ఈ మొదటి ముక్క 32 కేబీ దాటకూడదు. అది లేచి అసలు ర్యామ్‌ను సిద్ధం చేస్తుంది, తర్వాత యూ-బూట్ అనే పెద్ద లోడర్ వస్తుంది, యూ-బూట్ లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌ను తెస్తుంది, కెర్నల్ మిగతా ప్రోగ్రాములు, ఫైళ్ళు ఉండే రూట్ ఫైల్ సిస్టమ్‌ను వెతుక్కుంటుంది.

ఇవన్నీ ఒకేచోట ఉండాలన్న నియమం ఏదీ లేదు. లోడర్ ఒక చిప్పులో, కెర్నల్ మరోచోట, రోజువారీ డేటా ఇంకోచోట ఉండవచ్చు. "కార్డా, ఈఎంఎంసీనా (బోర్డుకే అతికించిన మెమరీ చిప్పు)" అని ఒకే ప్రశ్నగా అడిగేవారు ఎక్కువగా ఇక్కడే తడబడతారు. ఎప్పుడూ మారని లోడర్‌కూ, పది సెకన్లకోసారి రాసే లాగ్ ఫైలుకూ ఒకే గూడు కట్టి, లాగ్ వల్ల గూడు కూలితే లోడర్‌ను తప్పుపడతారు. నేనూ అదే చేశాను.

ఎస్‌డీ కార్డు: చేతికి అందేది, చేటు తెచ్చేది

కార్డును తక్కువ చేసి మాట్లాడడం ఇప్పుడొక అలవాటు. దానికున్న గొప్ప గుణం ముందు చెప్పాలి. దాన్ని ఎవరైనా తీసి పెట్టగలరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు ఒక మిత్రుడి వర్క్‌షాపులో రెండు బోర్డులు నీళ్ళలో ఉన్నాయి. కార్డు ఉన్న బోర్డు పోయింది కానీ, కార్డును మంచినీళ్ళతో కడిగి ఆరబెడితే అందులోని లెక్కలన్నీ దొరికాయి. రెండోదాంట్లో డేటా బోర్డుకు అతికించిన చిప్పులో ఉంది. బోర్డుతో పాటు అదీ పోయింది.

అయితే కరెంటు నిలకడగా లేనిచోట కార్డు ఎందుకు దెబ్బతింటుందో సరిగ్గా తెలిసినవారు తక్కువ. "రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు పాడవుతుంది" అనుకుంటారు. ఆ ఒక్క ఫైలే పాడైతే బాధే లేదు. కార్డు లోపల ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. మనం నాలుగు కేబీలు రాస్తే, అది తన సౌకర్యం కోసం పెద్ద పెద్ద బ్లాకులను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చి, ఏది ఎక్కడ ఉందో తన పట్టికలో దిద్దుకుంటుంది. ఆ దిద్దుబాటు మధ్యలో కరెంటు పోతే, మనం ముట్టుకోని డేటా కూడా చెల్లాచెదురు కావచ్చు. అందుకే రూట్ పార్టిషన్‌ను (కార్డులో రూట్ ఉండే విభాగాన్ని) చదవడానికి మాత్రమే అన్నట్లు మౌంట్ చేసి, అంటే తెరిచి, నిశ్చింతగా ఉండడం సగం రక్షణే. అదే కార్డులో పక్క పార్టిషన్‌లో లాగ్ రాస్తుంటే, ఆ రాతకు లోపల కదిలే బ్లాకుల్లో రూట్ పార్టిషన్ ముక్క ఉండకూడదని ఎక్కడా లేదు.

దీనికి ఖర్చు లేని మందు ఒకటుంది: రాతలు తగ్గించడం. పది సెకన్లకోసారి లాగ్ రాసి ప్రతిసారీ డిస్కుకు నెట్టితే రోజుకు 8,640 రాతలు. ర్యామ్‌లో పోగుచేసి పది నిమిషాలకోసారి రాస్తే 144. కరెంటు పోతే గరిష్ఠంగా పది నిమిషాల లెక్క పోతుంది, అంతే. కోల్డ్ స్టోరేజీ గది అంతలోనే వేడెక్కిపోదు.

ఇక కొనుగోలు సంగతి. బజారులో పేరున్న ముద్రతో నకిలీ కార్డులు తిరుగుతుంటాయి. 32 జీబీ అని రాసి ఉన్నదానిలో నిజంగా 8 ఉండవచ్చు. నిండేవరకు బయటపడదు. కొన్న ప్రతి కార్డునూ ఎఫ్3 అనే ఉచిత సాధనంతో అంచుదాకా రాయించి, చదివించి చూడండి. గంటో రెండు గంటలో పడుతుంది, పట్టనివ్వండి. కెమెరాల కోసం హై ఎండ్యూరెన్స్ పేరుతో అమ్మే కార్డులు ఎక్కువ రాతలను తట్టుకుంటాయి, అదనపు ధర పెట్టదగినవే. కరెంటు కోత నుంచి మాత్రం అవి కాపాడవు.

మరొకటి మన ఊరికే ప్రత్యేకం. మిర్చి యార్డు పరిసరాల్లో, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తి దించే చోట గాలిలో సన్నటి ఎర్రపొడి ఉంటుంది. పెట్టె మూత తీయగానే తుమ్ములు మొదలవుతాయి. ఆ పొడి కార్డు సాకెట్‌లోకీ చేరుతుంది. ఒకసారి ఆపరేటర్ కార్డు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టి "లేచిందండి" అన్నాడు. అప్పటికి నేను ఇంటి నుంచి బయలుదేరి రెండు కిలోమీటర్లు వెళ్ళాను. కాంటాక్టులు ఉన్న చోటల్లా ఏదో ఒకనాడు ఈ చొక్కా అంచు అవసరం పడుతుంది.

ఈఎంఎంసీ: అతుక్కుని ఉండడమే బలం, అదే బలహీనత

ఈఎంఎంసీ అంటే బోర్డుకు టంకం వేసి అతికించిన ఎస్‌డీ కార్డు అనుకుంటారు. చుట్టరికం నిజమే కానీ, ఇది ఎక్కువ చదువుకున్న బంధువు. అచ్చంగా బూట్ కోసమే ఇందులో రెండు చిన్న విభాగాలు వేరుగా ఉంటాయి. వాటిని బూట్0, బూట్1 అంటారు. సాధారణ డేటా ఉండే ప్రాంతంతో వాటికి సంబంధం లేదు. మీరు పొరపాటున మొత్తం డిస్కు మీద తప్పు ఇమేజ్ (మొత్తం సాఫ్ట్‌వేర్ ఉన్న ఒకే ఫైలు) రాసినా ఇవి చెక్కుచెదరవు. లినక్స్ కూడా వీటిని మామూలుగా రాయనివ్వదు, ప్రత్యేకంగా తాళం తీయాలి. రెండింటిలో ఏది వాడాలో చెప్పే గుర్తు చిప్పు రిజిస్టర్‌లో ఉంటుంది. కొత్త లోడర్‌ను ఖాళీగా ఉన్న విభాగంలో రాసి, సరిచూసుకుని, ఆ గుర్తును మారిస్తే చాలు. దూరం నుంచి లోడర్‌ను మార్చాల్సిన అవసరం వస్తే ఇంతకంటే ధైర్యమిచ్చే ఏర్పాటు నేను చూడలేదు. మీ చిప్పులోని బూట్ రోమ్ ఈ విభాగాలను చదవగలదో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

రెండో మేలు: ఇది తన ఆయుష్షు తానే చెబుతుంది. 5.0 ప్రమాణం నుంచి చిప్పు ఎంత అరిగిందో పది శాతం మెట్లలో చదువుకోవచ్చు. ఎంఎంసీ-యుటిల్స్ అనే సాధనం ఆ అంకె చూపుతుంది. నా పెట్టెలు నెలకోసారి ఆ అంకెను ఉష్ణోగ్రతలతో పాటే పంపుతాయి. కార్డులకు ఇలా నాడి పట్టి చూసే వీలు అందరికీ ఉండదు. కొన్ని పారిశ్రామిక రకాలే చెబుతాయి.

అతికించి ఉండడం వల్ల పొడి, కుదుపు, దొంగతనం ఏవీ అంటవు. చెడిపోతే మాత్రం చేతితో మార్చలేం. ఫోన్లు బాగుచేసేవారిలో బీజీఏ చిప్పు (అడుగున టంకం గుళ్ళతో అతికే రకం) ఊడదీసి కొత్తది అతికించగలవారు విజయవాడలో ఉన్నారు. కానీ ఒక్క బోర్డుకైతే ఆ కూలి, ప్రయాణం కలిపి కొత్త బోర్డు ధరకు దగ్గరగా వస్తుంది.

ఈఎంఎంసీకి మారేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. బాగా నడుస్తున్న కార్డును ఉన్నదున్నట్లుగా ఈఎంఎంసీలోకి నకలు తీశాను. పార్టిషన్ గుర్తింపు సంఖ్యలు కూడా నకలయ్యాయి. కెర్నల్‌కు "ఈ సంఖ్య గల పార్టిషన్‌ను రూట్‌గా తీసుకో" అని చెప్పి ఉంది. కార్డు సాకెట్‌లోనే ఉండిపోయింది. ఒకే సంఖ్య రెండుచోట్ల కనిపిస్తే ఏది ముందు దొరికితే అదే. లోడరూ కెర్నలూ ఈఎంఎంసీ నుంచి, రూట్ మాత్రం కార్డు నుంచి, అలా ఐదు నెలలు నడిచింది. నేను పంపిన అప్‌డేట్లన్నీ కార్డులోకే వెళ్ళాయి. ఒకరోజు కార్డు పోగానే ఐదు నెలల కిందటి సాఫ్ట్‌వేర్ నిద్రలేచింది. అప్పటి నుంచి నకలు తీసిన వెంటనే కొత్త సంఖ్యలు ఇస్తాను. పోనీ డిస్కు పేర్లతోనే చెబుదామంటే అదీ క్షేమం కాదు. కెర్నల్ వెర్షన్ మారినప్పుడు కార్డు, ఈఎంఎంసీ తమ వరుస సంఖ్యలు మార్చుకున్న సందర్భాలు ఉన్నాయి. బోర్డు డివైస్ ట్రీలో (బోర్డు భాగాలను కెర్నల్‌కు వివరించే ఫైలులో) వరుసను ఖాయం చేసి ఉంటే తప్ప ఆ పేర్లను నమ్మకూడదు.

ఎస్‌పీఐ నార్ ఫ్లాష్: ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పు

ఇంట్లో ఉన్న వైఫై రౌటర్ మూత తీస్తే చాలావరకు ఈ మెమరీ చిప్పు కనిపిస్తుంది. 8 లేదా 16 ఎంబీ ఉంటుంది. జీబీలకు అలవాటుపడిన కళ్ళకు ఇదేం సరిపోతుందనిపిస్తుంది. యూ-బూట్‌కు ఒక ఎంబీ చాలు. బిల్డ్‌రూట్ అనే సాధనంతో పొదుపుగా కడితే కెర్నల్, స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌గా కుదించిన చిన్న రూట్ కూడా 16 ఎంబీలో ఇమిడిపోతాయి.

దీని సుగుణం సాదాతనం. లోపల కంట్రోలర్ లేదు, పట్టికలు లేవు, మన వెనుక బ్లాకులు కదిలించేవారు లేరు. రాయకపోతే మారదు. ఒక్కో సెక్టార్‌ను లక్ష సార్లు చెరిపి రాయవచ్చనీ, డేటా ఇరవై ఏళ్ళు నిలుస్తుందనీ డేటాషీట్లు సాధారణంగా హామీ ఇస్తాయి. వేగం మాత్రం మధ్యతరగతి. 50 మెగాహెర్ట్జ్ గడియారంతో ఒకే తీగ మీద చదివితే సెకనుకు ఆరు ఎంబీల చిల్లర, నాలుగు తీగల మీద చదివితే ఇరవై అయిదు వరకు. ఆరు ఎంబీల కెర్నల్‌కు ఒక సెకను పోతే పోయింది. రాయడం మరీ నెమ్మది కాబట్టి లాగ్‌లకు ఇది పనికిరాదు. లోడర్‌కు మాత్రం ఇంతకంటే మంచి ఇల్లు లేదు. రాస్ప్‌బెర్రీ పై 4 కూడా ఇదే దారి పట్టింది. అంతకుముందు కార్డులో ఉండే లోడర్‌ను ఆ తరం నుంచి బోర్డు మీది చిన్న ఎస్‌పీఐ చిప్పులోకి మార్చారు.

రీబూట్ అనే పరీక్ష

ఇక్కడ ఆగి ఒక రోగం గురించి చెప్పాలి. లక్షణం ఇలా ఉంటుంది: ప్లగ్ పీకి పెడితే బోర్డు లేస్తుంది. రీబూట్ కమాండ్ ఇస్తే లేవదు. బల్ల మీద పని చేసేటప్పుడు మనం ప్లగ్ పీకి పెడుతుంటాం కాబట్టి ఇది కనిపించదు. పెట్టె గోడకు ఎక్కాక, వాచ్‌డాగ్ (బోర్డు స్తంభిస్తే దానంతట అదే రీసెట్ చేసే టైమర్) మొదటిసారి రీసెట్ చేసిన రాత్రి కనిపిస్తుంది. దూరంగా ఉన్న పరికరాన్ని కాపాడాల్సిన వాచ్‌డాగే దాన్ని పడుకోబెడుతుందన్నమాట.

నేను రెండు కారణాలు చూశాను. మొదటిది నార్ ఫ్లాష్‌లో. మూడు బైట్ల చిరునామాతో 16 ఎంబీల వరకే చేరగలం. 32 ఎంబీల చిప్పు పెడితే లినక్స్ దాన్ని నాలుగు బైట్ల పద్ధతిలోకి మార్చవచ్చు. రీసెట్ అయినప్పుడు ప్రధాన చిప్పు మొదటికి వస్తుంది కానీ, కరెంటు తెగలేదు కాబట్టి ఫ్లాష్ చిప్పు నాలుగు బైట్లలోనే ఉండిపోతుంది. బూట్ రోమ్ మూడు బైట్లు చెప్పి ఎదురుచూస్తుంది, ఫ్లాష్ నాలుగో బైటు కోసం ఎదురుచూస్తుంది. రెండోది ఎస్‌డీ కార్డులో. వేగం కోసం లినక్స్ కార్డును 3.3 వోల్టుల నుంచి 1.8 వోల్టుల సంకేతాలకు మారుస్తుంది. కార్డు కరెంటు తీస్తే తప్ప అది వెనక్కి రాదు. బూట్ రోమ్ 3.3 దగ్గరే పలకరిస్తుంది.

మందు బోర్డు రూపకల్పనలోనే ఉంది: రీసెట్ సమయంలో ఫ్లాష్ రీసెట్ కాలికీ సంకేతం వెళ్ళాలి, కార్డుకు కరెంటు తెగి రావాలి. కొనేవారు బోర్డు సర్క్యూట్ పటం చదవలేకపోయినా పరీక్ష చేయగలరు. రీబూట్ కమాండ్‌ను స్క్రిప్ట్‌లో పెట్టి రాత్రంతా నడపండి. తర్వాత కెర్నల్‌ను కావాలని స్తంభింపజేసి వాచ్‌డాగ్‌తో రీసెట్ చేయించండి. ఇది నెగ్గని బోర్డు ఎంత చవకైనా నేను తీసుకోను.

మిగిలినవి త్వరగా

కంట్రోలర్ లేని నాండ్ ఫ్లాష్ పాత బోర్డుల్లో, చవక మాడ్యూళ్ళలో ఇంకా కనిపిస్తుంది. చెడ్డ బ్లాకులు పుట్టుకతోనే ఉంటాయి. తప్పులు దిద్దే ఈసీసీ పద్ధతి బూట్ రోమ్‌కూ, యూ-బూట్‌కూ, కెర్నల్‌కూ ఒకటే కావాలి. పైన యూబీఐ (చెడ్డ బ్లాకులను తప్పించే లినక్స్ పొర) వేయాలి. ఇవన్నీ చేయగలవారికి నా సలహా అవసరం లేదు, చేయలేనివారు దాని జోలికి పోకపోవడం మేలు.

యూఎస్‌బీ దగ్గర ఒక అపోహ ఉంది. చిప్పు వివరాల్లో "యూఎస్‌బీ బూట్" అని చూసి పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుందనుకుంటారు. చాలా చిప్పుల్లో దాని అర్థం తలకిందులు. బోర్డే ల్యాప్‌టాప్‌కు ఒక పరికరంలా కనబడి "నాకు లోడర్ పంపు" అని అడుగుతుంది. ఆల్‌విన్నర్ వారి ఫెల్, రాక్‌చిప్ వారి మాస్క్‌రోమ్, ఐ.ఎంఎక్స్ చిప్పుల సీరియల్ డౌన్‌లోడర్ ఈ కోవలోవే. ప్రాణం పోయిందనుకున్న బోర్డును బతికించే తలుపు అది, రోజువారీ బూట్‌కు కాదు. పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీల నుంచి నడపాలంటే సాధారణంగా లోడర్ మరోచోట ఉండి, అక్కడి నుంచి వాటిని పిలవాలి. రాస్ప్‌బెర్రీ పై 5కు ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) తగిలించుకుని కెమెరా రికార్డింగ్ చేసుకునేవారికి ఎస్‌ఎస్‌డీ సరైన ఎంపికే. కరెంటు సరఫరా మాత్రం దిట్టంగా ఉండాలి.

నెట్‌వర్క్ బూట్‌కు మన దగ్గర తగిన చోటు కాలేజీ ల్యాబ్. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ముప్ఫై బోర్డులుంటే ముప్ఫై కార్డులు, వారానికి మూడు గల్లంతు, రెండు పాడు. దానికి బదులు ఒక్క సర్వర్‌లో కెర్నల్‌ను టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైలు పంపే సులువైన పద్ధతి) ద్వారా, రూట్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్ (సర్వర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీద పంచే పద్ధతి) ద్వారా ఇస్తే ఇమేజ్ ఒక్కచోట మారిస్తే చాలు. డ్రైవర్ రాసేవారికీ ఇదే స్వర్గం. కెర్నల్ కట్టడం, బోర్డు రీసెట్ నొక్కడం, అంతే. ఒక చిన్న గోతి ఉంది. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్కలతో పంపుతుంది, ముక్క సంఖ్య 16 బిట్లలోనే ఉండాలి. అంటే 32 ఎంబీలు దాటిన ఫైలు దగ్గర కొన్ని సర్వర్లు చేతులెత్తేస్తాయి. యూ-బూట్‌లో ముక్క పరిమాణం పెంచితే తీరుతుంది. టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డ్ లాంటిదేదీ లేదు, ల్యాబ్ నెట్‌వర్క్‌ను వేరుగా ఉంచండి. కోల్డ్ స్టోరేజీలాంటి చోట ఇది వద్దు. 4జీ మోడెమ్ లినక్స్ లేచాకే పనిచేస్తుంది, దాని మీద ఆధారపడి లినక్స్ లేవలేదు.

వరుస: ఎవరి తలుపు ముందు తట్టాలి

ఏది ఎంచుకున్నా, అది విఫలమైతే తర్వాత ఏమిటన్నది వెంటనే తేల్చుకోవాలి. బోర్డులు ఇక్కడ ఒక్కో తీరు. ఆల్‌విన్నర్ బోర్డులు ముందు ఎస్‌డీ కార్డునే చూస్తాయి. లోపలిది పాడైతే కార్డు పెట్టి బతికించవచ్చు. అదే సమయంలో కార్డు చేతిలో ఉన్న ఎవరైనా పరికరాన్ని తమ దారికి తిప్పుకోవచ్చు. బీగిల్‌బోన్ బ్లాక్ ముందు ఈఎంఎంసీని చూస్తుంది. ఎస్2 బటన్ నొక్కిపట్టి కరెంటు ఇస్తే వరుస మారి కార్డు ముందుకు వస్తుంది. రాక్‌చిప్ ఆర్‌కే3399లో వరుస ఎస్‌పీఐ, ఈఎంఎంసీ, ఆ తర్వాతే కార్డు. ఈఎంఎంసీలో పనిచేయని లోడర్ ఉన్నా పైకి సరైనదిలా కనిపిస్తే బూట్ రోమ్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది, కార్డు దాకా రాదు. రాస్ప్‌బెర్రీ పై 4లో వరుస ఒక సంఖ్యగా ఉంటుంది. 0ఎక్స్‌ఎఫ్41 అంటే కుడి నుంచి చదవాలి: ముందు కార్డు, తర్వాత యూఎస్‌బీ, రెండూ దొరకకపోతే మళ్ళీ మొదటికి.

ఒకే మాధ్యమంలో రెండు ప్రతులు పెట్టుకునే వీలు కూడా చూడండి. బీగిల్‌బోన్‌లోని ఏఎం335ఎక్స్ చిప్పు కార్డులో నాలుగు స్థానాల్లో లోడర్ కోసం వెతకగలదు. ఎస్‌టీఎం32ఎంపీ1 చిప్పులకు మొదటి దశ లోడర్‌ను రెండు ప్రతులుగా పెట్టడం ఆనవాయితీ.

పై అంతస్తులో యూ-బూట్‌కు బూట్‌కౌంట్ అనే లెక్క ఉంది. లేచిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. అన్నీ సవ్యంగా ఉన్నాయని తేలాక మన ప్రోగ్రాం ఆ లెక్కను చెరిపేయాలి. చెరపకుండా హద్దు దాటితే యూ-బూట్ ప్రత్యామ్నాయ కమాండ్ నడుపుతుంది, అంటే రెండో రూట్‌కు మళ్ళుతుంది. దీన్ని మన చేతితో కట్టుకోనక్కరలేదు. రౌక్, ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్ లాంటి అప్‌డేట్ సాధనాలు ఈ జంట రూట్ల వ్యవహారం చూసుకుంటాయి.

ఫ్యూజుల గురించి ఒక హెచ్చరిక. కొన్ని చిప్పుల్లో బూట్ వరుసను ఫ్యూజులు కాల్చి ఖాయం చేయవచ్చు. అది బ్రహ్మరాత, తుడిపితే పోదు. రాస్ప్‌బెర్రీ పై 3లో యూఎస్‌బీ బూట్‌ను తెరిచే ఓటీపీ (ఒక్కసారే రాయగల) బిట్ కూడా అలాంటిదే. అది హాని లేనిది కాబట్టి సరిపోయింది. వేలల్లో తయారుచేసే సంస్థ ఫ్యూజులు వాడడంలో అర్థం ఉంది. పది పెట్టెలు కట్టేవారు పిన్నులతో సరిపెట్టుకోవాలి.

నన్ను అడిగితే

ఇంట్లో, బల్ల మీద, నేర్చుకోవడానికైతే ఎస్‌డీ కార్డు, ఇంకో ఆలోచన వద్దు. పక్కన ఒక నకలు కార్డు ఉంచుకోండి. ల్యాబ్‌కు నెట్‌వర్క్. రోజంతా వీడియో రాసేదానికి ఎస్‌ఎస్‌డీ. కొద్దిపాటి కాన్ఫిగరేషన్ తప్ప రాసేదేమీ లేని చిన్న గేట్‌వేకు నార్ ఒక్కటే చాలు. మనిషి అరుదుగా వెళ్ళే చోట పదుల సంఖ్యలో పెట్టే పరికరానికి లోడర్ నార్‌లో, రూట్ జంటగా ఈఎంఎంసీలో. నార్ లేని బోర్డయితే లోడర్‌ను ఈఎంఎంసీ బూట్ విభాగాల్లో పెట్టండి. ఏ సందర్భంలోనైనా సీరియల్ కన్సోల్ (బోర్డు లేచేటప్పుడు చెప్పే మాటలను ల్యాప్‌టాప్‌లో చూసే దారి) మూడు పిన్నులు పెట్టె లోపల చేతికి అందేలా ఉంచండి. అవి లేక రాత్రి పదకొండింటికి ఫోను వెలుగులో టంకం వేసినవాడి మాటగా తీసుకోండి.

విజయవాడ, గుంటూరు వేసవిలో 44, 45 డిగ్రీలు మామూలే. ఎండ తగిలే ఇనుప పెట్టె లోపల ఇంకా ఎక్కువ. రాస్ప్‌బెర్రీ పై 4కు తయారీదారు చెప్పిన హద్దు చుట్టూ ఉన్న గాలి 50 డిగ్రీలు. పారిశ్రామిక శ్రేణి ఈఎంఎంసీ, నార్ చిప్పులు 85 వరకు తట్టుకుంటాయి. ఫ్లాష్‌లో డేటా నిలిచే కాలం వేడికి తగ్గుతుంది కాబట్టి, పెట్టెను గోడకు నీడవైపు బిగించడం కూడా బూట్ సోర్స్ ఎంపికలో భాగమే.

నా కోల్డ్ స్టోరేజీ పెట్టెల్లో ఇప్పుడున్నది ఇది. 16 ఎంబీల నార్‌లో యూ-బూట్, దాంతోపాటు ఒక చిన్న రక్షక కెర్నల్. ఈఎంఎంసీలో రెండు రూట్లు, ఒక డేటా పార్టిషన్. రెండు రూట్లూ విఫలమైతే రక్షక కెర్నల్ లేచి ఎర్ర లైటు ఆర్పుతూ వెలిగిస్తుంది, కార్డు పెడితే దాన్నుంచి పని మొదలుపెడుతుంది. తలుపు లోపలి వైపు ఒక కవరు అంటించి అందులో కార్డు ఉంచాను. కవరు మీద తెలుగులో మూడు వాక్యాలు రాసి ఉన్నాయి: ఎర్ర లైటు ఆగి ఆగి వెలుగుతుంటే ఈ కార్డు పెట్టండి. బంగారు రంగు గీతలు కిందికి ఉండాలి. తర్వాత నాకు ఫోను చేయండి.

ఇప్పటివరకు ఆ కార్డు అవసరం ఒక్కసారే పడింది. అర్ధరాత్రి దాటాక ఆపరేటర్ పెట్టాడు. ఫోను మాత్రం పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. పెట్టె రాత్రే లేచిందట. కార్డు మళ్ళీ కవరులో పెట్టేయమంటారా, ఉంచమంటారా అని అడగడానికి చేశాడు.